అద్దానికి అతుక్కున్న ఫొటో

ప్రశ్న: అమ్మ, బాపు పెళ్లయిన కొత్తలో వేయిస్తంభాల గుడి నంది దగ్గర దిగిన ఫొటో అద్దానికి అతుక్కుపోయింది. బాపు లేడిప్పుడు. ఊడదీయొచ్చా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దమ్మా, లాగొద్దు. ఆ పాత నలుపు తెలుపు ఫొటోల పైపొర జెలటిన్. చెమ్మకు మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. మా నానమ్మ ఫొటో నేనలాగే లాగాను. ముక్కుపుడక, ఎడమ చెంప అద్దానికే ఉండిపోయాయి. ఇప్పటికీ బాధే.

అద్దంతో సహా స్కాన్ చేయించండి. మీరు సెల్‌ఫోన్‌లో తీసి పంపిన దాంట్లో బాపు చెయ్యి అమ్మ భుజం దాకా వచ్చి ఆగింది, చూశారా? ఎందుకాగిందో, ఆ చీర ఏ రంగో అమ్మనే అడగండి. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెన్సిల్‌తో రాసి, ఫ్రేముతోపాటే దాచండి.