గుమ్మం దగ్గర ఇటాలియన్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మావాడు మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి తనతో పనిచేసే భార్యాభర్తలను వెంటబెట్టుకుని వస్తున్నాడు. గేటుకు వాళ్ల భాషలో స్వాగతం బోర్డు కట్టాలనుకున్నాం. ఫోన్‌లో చూస్తే ‘బెన్వెనూతొ’ అని వచ్చింది. అదే రాయించమంటారా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దండీ. అది ఒక్క మగమనిషి వచ్చినప్పుడు అనే మాట. వచ్చేవాళ్లను బట్టి దాని చివరి అచ్చు మారుతుంది. ఒక్క ఆడమనిషి వస్తే బెన్వెనూత, అందరూ ఆడవాళ్లే అయితే బెన్వెనూతె. మగవాళ్లు వచ్చినా, ఆడామగా కలిసి వచ్చినా బెన్వెనూతి. పదిమంది ఆడవాళ్లలో ఒక్క మగవాడున్నా బెన్వెనూతీయే! మీకు కావలసింది ఇదే.

బోర్డు రాసే అతనికి అక్షరాలు కాగితం మీద పెట్టి ఇవ్వండి: బి, ఇ, ఎన్, వి, ఇ, ఎన్, యు, టి, ఐ. మధ్యలో ఖాళీ వదలకూడదు, అంతా ఒకటే మాట. ఊరి పేరు కూడా వేయిస్తారా? ఊరి ముందు ‘అ’ వస్తుంది, అంటే ఎ అనే ఒక్క అక్షరం. అనంతపురం పేరు కూడా అదే అచ్చుతో మొదలవుతుంది కాబట్టి దానికి డి చేర్చి ‘బెన్వెనూతి అద్ అనంతపూర్’ అని రాయించాలి. కర్నూలుకో కడపకో అయితే ఆ డి అక్కర్లేదు. దేశం పేరుకు మాత్రం ‘ఇన్’ వాడతారు: బెన్వెనూతి ఇన్ ఇండియా.

పలికేటప్పుడు ‘నూ’ ఒక్కటే సాగుతుంది. స్పెల్లింగులో టి ఉంది కదా అని ‘ట’ అనకండి, అది మన ‘త’యే.

ఇక మీ అబ్బాయి. అతణ్ని బెన్వెనూతొ అంటే కొత్తగా వచ్చిన చుట్టంలా చూసినట్టు ఉంటుంది. వెళ్లి తిరిగొచ్చినవాళ్లకు వేరే మాట ఉంది: ‘బెన్తొర్నాతొ అ కాస’. కాస అంటే ఇల్లు. కూతురు వస్తే బెన్తొర్నాత, ఇద్దరూ కలిసి వస్తే బెన్తొర్నాతి. ఆ దంపతులు మరో ఏడు మళ్లీ వచ్చినప్పుడు వాళ్లకూ ఇదే చెప్పొచ్చు.

మీరు అడగలేదు గానీ, దండల సంగతి కూడా చూసుకోండి. ఇటలీలో చామంతి సమాధుల మీద పెట్టే పువ్వు. నవంబరు 2న చనిపోయినవాళ్లను తలుచుకునే రోజున శ్మశానాలన్నీ చామంతులే. సంక్రాంతికి మనకు విరివిగా దొరుకుతాయని మెడలో చామంతి దండ వేస్తే, వాళ్లు పైకి నవ్వినా లోపల ఉలిక్కిపడతారు. మల్లెలో గులాబీలో తెప్పించండి.

ప్రశ్న: మా ఇంటికి ఇటలీ నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారు. లోపలికి రమ్మని, కూర్చోమని మర్యాదగా ఎలా అనాలి?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: రెండింటికీ ఒకటే మాట చాలు. దాన్ని ఎవరితో ఎలా అంటారన్నదే అసలు చిక్కు. నువ్వు అనేంత చనువుంటే ‘అక్కోమొదతి’. పెద్దవాళ్లు, కొత్తవాళ్లు అయితే ‘ప్రేగొ, సి అక్కోమొది’. ఇద్దరు ముగ్గురుంటే ‘అక్కొమొదాతెవి’. మనవాళ్లు తప్పేది ఇక్కడే. తెలుగులో ‘రండి’ పదిమందికీ చెల్లుతుంది, ఒక్క పెద్దమనిషికీ చెల్లుతుంది. ఆ అలవాటుతో ఒక్క పెద్దావిడను ‘అక్కొమొదాతెవి’ అనేస్తారు. దక్షిణ ఇటలీలో పెద్దల్ని అలా పిలవడం ఇంకా వినిపిస్తుంది గానీ, మిగతా చోట్ల ఆవిడ వెనక్కి తిరిగి ఇంకెవరొచ్చారా అని చూస్తారు. మీరు చెప్పాల్సింది: ‘బ్వొనసేర సిన్యోర, బెన్వెనూత. ప్రేగొ, సి అక్కోమొది.’ ఉదయమైతే మొదటి మాట బ్వొంజోర్నొ. ‘చావొ’ స్నేహితులకే, పెద్దావిడతో వద్దు.

తలుపు బార్లా తెరిచి ఉన్నా ఆవిడ గడప దగ్గరే ఆగి ‘పెర్మెస్సొ?’ అనొచ్చు. లోపలికి రావచ్చా అని అడగడమది. వెంటనే ‘అవాంతి!’ అనండి. నవ్వి ఊరుకుంటే అక్కడే నిలబడిపోతారు. చెప్పులు బయట విప్పే అలవాటు ఆవిడకు ఉండకపోవచ్చు. ‘క్వి చి తొల్యామొ లె స్కార్పె’ అంటే ‘ఇక్కడ మేం చెప్పులు విప్పేస్తాం’ అని. అది చెబుతూ ముందు మీవి విప్పితే సరి.

ప్రశ్న: వాళ్లు ‘గ్రాత్సియె’ అని థాంక్స్ చెబితే బెన్వెనూతొ అనొచ్చా?
- ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: అనకూడదు. ఇంగ్లిషులో రెండు చోట్లా వెల్‌కమ్ వస్తుంది కాబట్టి ఈ పొరపాటు జరుగుతుంది. గ్రాత్సియెకు బదులు ‘ప్రేగొ’. ప్లేటు అందించేటప్పుడూ, ముందు మీరు నడవండి అన్నప్పుడూ అదే ప్రేగొ. ఆ ప్లేటులో ఎర్రకారం దోసె ఉంటే మాత్రం ముందుగా ‘ఎ పిక్కాంతె’ అనండి. కారంగా ఉంటుంది, జాగ్రత్త అని.