లండన్‌లో ఫ్రెంచి బడి ఎవరికి తగినది?

ఉద్యోగరీత్యా లండన్ వచ్చి సౌత్ కెన్సింగ్టన్ చుట్టుపక్కల ఇల్లు వెదుక్కునే మనవాళ్లు, అక్కడి లీసే ఫ్రాన్సే షార్ల్ ద గోల్ అనే ఫ్రెంచి బడిలో పిల్లలను చేర్పించవచ్చా అని నన్ను తరచు అడుగుతుంటారు. చేర్పించవచ్చు గాని, ఆ బడి ఎవరి కోసం పుట్టిందో తెలుసుకున్నాక నిర్ణయించుకోవడం మంచిది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు బెల్జియాన్నీ ఉత్తర ఫ్రాన్సునూ ఆక్రమించినప్పుడు, ఇల్లూవాకిలీ వదులుకుని లండన్ చేరిన కుటుంబాల పిల్లలకు చదువు ఆగిపోకూడదని 1915లో మారీ దోర్లియాక్ అనే మహిళ దీనిని నెలకొల్పారు. ఈ నగరంలోని ఫ్రెంచి సాంస్కృతిక సంస్థకు 1910లో అంకురార్పణ చేసినదీ ఆమే. 1940లో ఫ్రాన్సు ఓడిపోయాక ఫ్రెంచి సేనాని ద గోల్ లండన్ నుంచే పోరాటం సాగించారు కనుక 1980లో బడికి ఆయన పేరు పెట్టారు. ఆమె పేరు ఫుల్హామ్‌లోని ప్రాథమిక శాఖకు మాత్రమే దక్కింది, అది నాకు కొంచెం అన్యాయంగానే తోస్తుంది.

చోటు మారినా చదువు తెగకూడదన్న ఆ తొలి అవసరమే నేటికీ ఈ బడికి బలం. ఫ్రెంచి విద్యాశాఖ పాఠ్యక్రమాన్నే అనుసరించే ఇలాంటి బడులు ప్రపంచమంతటా వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిని సమన్వయపరచడానికి ఫ్రాన్సు ప్రభుత్వం 1990లో ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది. కాబట్టి రేపు మీకు పారిస్‌కో దుబాయ్‌కో బదిలీ అయితే, పిల్లవాడు ఇక్కడ వదిలిన పాఠాన్ని దాదాపు అక్కడే అందుకోగలడు. లండన్‌లోనే స్థిరపడదలచినవారికి మాత్రం, ఇంటి దగ్గర రుసుము లేని ప్రభుత్వ బడి ఉండగా, ఈ బడికి ఫీజు కట్టమని నేను చెప్పను.

వయసు కూడా చూసుకోవాలి. మూడేళ్లకు మాతెర్నెల్‌లో, అంటే శిశుతరగతిలో, చేరిన బిడ్డ ఆటపాటల్లోనే ఫ్రెంచి పట్టేస్తుంది. ఒక్క ముక్కా రాని పదేళ్లవాడికి ప్రవేశమే కష్టం.

యానాం మూలాలుండి ఫ్రెంచి పౌరసత్వం నిలబెట్టుకున్న కుటుంబాలకు మరొక వెసులుబాటు ఉంది. ఫ్రెంచి కాన్సులేట్‌లో పేర్లు నమోదు చేసుకుంటే, ఆదాయాన్నిబట్టి ఫ్రాన్సు ప్రభుత్వం ఇచ్చే ఉపకారవేతనానికి పిల్లల తరఫున దరఖాస్తు చేయవచ్చు. ఏటా గడువు ముందే ప్రకటిస్తారు కనుక, బడిలో సీటు కోసం ప్రయత్నిస్తూనే ఆ కాగితాలూ సిద్ధం చేసుకోండి.