చిరంజీవి కార్తీక్‌కు: ఆ మెయిలు పంపే ముందు

చిరంజీవి కార్తీక్‌కు అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటులో ఏదో పెద్ద తప్పు పట్టుకున్నాడట వదినా, ఎవరి దరఖాస్తయినా తెరుచుకుంటోందట, ఆ శాఖకు మెయిలు కొట్టి అంతా నెట్‌లో పెట్టేస్తాడట. నువ్వు కంప్యూటర్లలో పనిచేసినదానివి, కాస్త చెప్పు" అంది. నాకు ముందు గర్వమే కలిగింది. ఆ పేజీని ఎంతమంది పిల్లలు నింపారో, దాని చిరునామా చివర ఉన్న అంకె మార్చి చూద్దామన్న ఆలోచన నీకే వచ్చింది. మీ తాతయ్య కరెంటు బిల్లును కూడా మళ్లీ లెక్కవేసుకుని గానీ కట్టేవారు కాదు, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది! ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది: "చాలామంది పిల్లల వివరాలు వాడి దగ్గర ఉన్నాయట." నాయనా, ఈ ఉత్తరం ఆ మాట విని రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. ఏ రోజు ఏం చేశావో తేదీలతో నోటుపుస్తకంలో రాసిపెట్టు. స్క్రీన్‌షాట్లలో పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కనిపించకుండా నల్లగా కొట్టెయ్యి. మారుపేరుతో మెయిలు పంపకు. కాలేజీ ల్యాబులో కూర్చుని ఈ పని చేయకు.

ఇక అసలు విషయం. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఆఫీసులో జీతం చీటీలు కాగితం మీద ఇవ్వడం మానేసి లోపలి నెట్‌వర్క్‌లో పెట్టడం మొదలుపెట్టారు. మా విభాగంలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి ఉండేవాడు. చురుకైనవాడు, నీలాగే కాస్త తొందర మనిషి. పేజీ చిరునామా చివర తన ఉద్యోగి సంఖ్య కనిపిస్తుంటే, దాని స్థానంలో పక్క కుర్చీ అతని సంఖ్య వేసి చూశాడు. అతని చీటీ వచ్చేసింది. పాస్‌వర్డు అడగడం గుమ్మం దగ్గర ఒకసారే. లోపలికి వచ్చినవాడు తన చీటీ అడుగుతున్నాడా, ఇంకొకరిది అడుగుతున్నాడా అని సర్వరు సరిచూడటం లేదు. నువ్వు పట్టుకున్నదీ ఇదే జాతి తప్పు. ఇన్నేళ్లయినా ఇది చావలేదు.

ఆ అబ్బాయి మా సెక్షన్ ఆఫీసరుకు చెప్పాడు. ఆయన "అంకెలు మార్చి చూసే తీరిక ఎవరికుంది?" అని నవ్వి ఊరుకున్నాడు. అక్కడ వీడికి పౌరుషం పొడుచుకొచ్చింది. చిన్న ప్రోగ్రాము ఒకటి రాసి, శనివారం మధ్యాహ్నం అందరూ వెళ్లిపోయాక ఉద్యోగులందరి చీటీలూ దించి, సీడీలోకి ఎక్కించి, సోమవారం పొద్దున్నే జనరల్ మేనేజరు బల్ల మీద పెట్టాడు. ఎంత ఎక్కువ చూపిస్తే అంత గట్టిగా నమ్ముతారని వాడి లెక్క.

నమ్మకేం, నమ్మారు. కాకపోతే ఆ సీడీలో మేనేజరు గారి చీటీ కూడా ఉంది. జీతం చీటీలో జీతం ఒక్కటే ఉండదు కదా. ఎవరికి పీఎఫ్ అప్పు ఉంది, ఎవరి జీతంలోంచి కోర్టు ఉత్తర్వు మీద మనోవర్తి కోస్తున్నారు, ఎవరు వైద్యానికి అడ్వాన్సు తీసుకున్నారు, అన్నీ ఉంటాయి. విచారణ మొదలైంది. ఎన్ని కాపీలు తీశావు, ఎవరెవరికి ఇచ్చావు, ఇంట్లో కంప్యూటర్ ఉందా, ఇవే ప్రశ్నలు. వాడి గదికి వెళ్లి సినిమా పాటల సీడీలు కూడా మూటకట్టి తెచ్చారు. ఆ జాబితా మీద సాక్షి సంతకం నాదే. లోపం గురించి నివేదికలో చివర ఒక్క వాక్యం ఉంది. ఇంకో విడ్డూరం విను: ఆ పేజీ "ఆధారం" కాబట్టి దాన్ని ముట్టుకోవద్దన్నారు. విచారణ ముగిసేదాకా ఎవరి చీటీ ఎవరైనా చూసుకునేలా అది అలాగే ఉంది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది యూనియన్ సంగతి. చిన్న మెమో వచ్చినా గేటు దగ్గర నినాదాలు చేసేవాళ్లు ఈ అబ్బాయి విషయంలో నోరు మెదపలేదు. ఎందుకంటే వాళ్ల చీటీలూ ఆ సీడీలో ఉన్నాయి. ఎవరి కోసం ఈ పని చేశానని వాడు అనుకున్నాడో వాళ్లే వాడిని చూసి ముఖం తిప్పుకున్నారు. ఇంక్రిమెంట్లు ఆపారు. కొన్నాళ్లకు వాడు రాజీనామా చేసి బెంగళూరు వెళ్లిపోయాడు. బాగానే స్థిరపడ్డాడు, సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. ఆ రోజుల మాట మాత్రం ఎత్తడు, నేనూ ఎత్తను.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా? కుండంతా బోర్లించాలా? నీకు కావలసినవి రెండే దరఖాస్తులు. ఒకటి నీది. రెండోది నీ గదిలో ఉండే స్నేహితుడిది, అదీ అతని అనుమతి కాగితం మీద రాయించుకున్నాక. నీ లాగిన్‌తో అతని దరఖాస్తు తెరుచుకుందంటే రుజువు పూర్తయినట్టే. మూడో మనిషి వివరాలు నీ ల్యాపుటాపులో ఉండకూడదు. ఇప్పటికే దించి ఉంటే భయపడి గబగబా చెరిపేయకు, ఆధారాలు మాయం చేశావంటారు, అది ఇంకో తలనొప్పి. ఎవరికీ పంపకు, ఎక్కడా పెట్టకు. నాకు తెలిసిన లాయరు ఒకాయన ఉన్నారు, ముందు ఆయనతో మాట్లాడు.

అత్తయ్యకు వయసు మీదపడి భయం ఎక్కువైందని నవ్వుకుంటున్నావేమో. 2010 ఆగస్టులో ఈ ఊళ్లో జరిగింది నేను మరిచిపోలేదు. హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్‌తో కలిసి మన ఓటింగ్ యంత్రాన్ని పరిశీలించాడు. యంత్రం చేతికి దొరికితే అంకెలు చూపించే భాగాన్ని మార్చి ఫలితాన్ని తారుమారు చేయవచ్చని ఆ ఏడాది ఏప్రిల్‌లో చూపించారు. ఆగస్టు 21న పోలీసులు హైదరాబాద్‌లోని ఆయన ఇంటికి వచ్చి అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు. పరిశోధన తప్పని ఎవరూ కేసు పెట్టలేదు. యంత్రం నీ చేతికి ఎలా వచ్చింది, ఎవరిచ్చారు అన్నదే కేసు. ఆయన ఆ పేరు చెప్పలేదు. వారం తర్వాత బెయిలు వచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఇంటర్నెట్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ పురస్కారం ఇచ్చింది. 2013లో, వేరే కేసులో, ఓటరుకు చీటీ చూపించే వీవీప్యాట్లను దశలవారీగా పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన చేసింది తప్పని నేను అనను, యంత్రం లేకుండా ఆ సంగతి నిరూపించడం కుదరదు. నీకు ఆ అవసరం లేదు. అందుకే పదే పదే చెబుతున్నాను: నువ్వు ఏం కనిపెట్టావని తర్వాత అడుగుతారు, నీ చేతిలో ఏముందని ముందు అడుగుతారు.

2018 జనవరి సంగతి నీకూ గుర్తుండాలి. ఐదు వందల రూపాయలకు ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని ట్రిబ్యూన్ పత్రిక విలేకరి రాస్తే, ఆధార్ సంస్థ ఫిర్యాదు మీద నమోదైన ఎఫ్ఐఆర్‌లో ఆ విలేకరి పేరూ ఉంది. కొద్ది రోజుల్లోనే అదే సంస్థ, ఆధార్ నంబరుకు బదులు వాడుకోవడానికి వర్చువల్ ఐడీ తెస్తున్నామని ప్రకటించింది. అంటే చెప్పిన మాటలో పస ఉందన్నమాటే. కేసు కేసే, మరమ్మతు మరమ్మతే.

చట్టం కూడా చదువుకో. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లినా, అందులోని సమాచారం దించుకున్నా నష్టపరిహారం కట్టాలి. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేశావని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నీ మనసులో మోసం లేదని నాకు తెలుసు, విచారణాధికారికి తెలియదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చూశావా? డేటాను సరిగా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా అంటోంది, లీకైతే బాధితులకు తెలియజేయాలి అంటోంది. మంచి ఉద్దేశంతో లోపం చూపించినవాడి మీద కేసు ఉండదని మాత్రం అందులో ఒక్క ముక్క లేదు. నెదర్లాండ్స్‌లో ప్రభుత్వ వ్యవస్థలో లోపం చెబితే టీషర్టు పంపిస్తారు. "నేను డచ్ ప్రభుత్వాన్ని హ్యాక్ చేస్తే దక్కింది ఈ పనికిమాలిన టీషర్టు" అని దాని మీద రాసి ఉంటుంది. అమెరికా న్యాయశాఖ 2022లో, సదుద్దేశంతో పరిశోధించేవారి మీద కేసులు పెట్టవద్దని తన న్యాయవాదులకే చెప్పింది. మన దగ్గరా అలాంటిది రావాలి. వచ్చేదాకా జాగ్రత్త పడవలసింది నువ్వే.

నెట్‌లో పెట్టేస్తానన్నావట. ఎవరిని శిక్షించడానికి? ఆ శాఖ కార్యదర్శి బ్యాంకు ఖాతా అందులో లేదు. ఫీజు డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే పిల్లల ఖాతాలు ఉన్నాయి. నువ్వు పోస్టు పెట్టిన గంటలో నీలాంటి కుర్రాళ్లే అంకెలు మార్చడం మొదలుపెడతారు, ఆ తర్వాత వాళ్లకు "మీ స్కాలర్‌షిప్పు వచ్చింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్లు వస్తాయి. మరమ్మతు సంగతి చూద్దామంటే, ఆ సైటు కట్టిన కాంట్రాక్టరు గడువు తీరి వెళ్లిపోయి ఉండవచ్చు, కొత్తవాడికి పని అప్పగించాలంటే ఫైలు కదలాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై వైరస్ గుర్తుందా? మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే దానికి మందు, అంటే లోపాన్ని సరిచేసే ప్యాచ్, ఇచ్చింది, మే నెలలో దాడి వచ్చింది. మందు వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా పడిపోయాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని వాటిలో ఉన్నాయి. మందు ఉన్నప్పుడే అలా ఉంటే, లేనప్పుడు చాటింపు వేస్తే ఏమవుతుందో ఆలోచించు.

అలాగని నోరు మూసుకుని కూర్చోమనడం లేదు. ఢిల్లీలో కంప్యూటర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఉంది, 2004 నుంచి పనిచేస్తోంది, లోపాలు తెలియజేయడానికి వాళ్లకు ప్రత్యేక మెయిలు ఉంది. వాళ్లకు పంపి, దాని కాపీ ఒకటి ఆ శాఖకు పెట్టు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు, లోపాన్ని బయటపెట్టే ముందు సరిచేసుకోవడానికి 90 రోజులు గడువు ఇస్తారు. నువ్వూ అంత ఇవ్వు. మధ్యలో మర్యాదగా గుర్తు చేస్తూ ఉండు. గడువు దాటినా కదలిక లేకపోతే అప్పుడు మాట్లాడదాం. అప్పుడు నేనే నీ పక్కన నిలబడతాను, విలేకరి దగ్గరికి వెళ్లాలన్నా సరే.

మెయిలులో ఏ పేజీ, ఏం మారిస్తే ఏం కనిపించింది, ఎవరి అనుమతితో చూశావు, అంతే రాయి. "బహుమతి ఏమైనా ఉందా" అని అడగకు. "ఇన్ని రోజుల్లో సరిచేయకపోతే" అనే వాక్యం మొదటి మెయిలులో రానీయకు. ఆ రెండూ ఒకే మెయిలులో పడితే దాన్ని బెదిరింపుగా చదవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. రెజ్యూమెలో వేసుకోవడానికి సీవీఈ నంబరు వస్తుందని ఆశ ఉంటే అదీ వదులుకో. అది పదిమందీ వాడే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఒక ఆఫీసు వెబ్‌సైటుకు సాధారణంగా రాదు.

పంపే ముందు ముసాయిదా నాకు చూపించు. మీ కొత్త భాషలు నాకు రావు కానీ, పై అధికారి కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదివే ఉత్తరం ఎలా రాయాలో నాకు బాగా వచ్చు. మీ అమ్మకు నేను నచ్చజెబుతాను, తనకు బీపీ మాత్ర పెంచారట, రోజూ ఒకసారి ఫోన్ చెయ్యి. హాస్టల్లో రాత్రి భోజనం మానేసి ఈ పని మీదే కూర్చుంటున్నావని కూడా విన్నాను. వచ్చే నెల ఇక్కడికి రా, వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం తెచ్చుకో.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. లాయరు గారి నంబరు విడిగా పంపుతున్నాను. పగలంతా కోర్టులో ఉంటారు, సాయంత్రం ఏడు దాటాక చెయ్యి. నా పేరు చెప్పు.