ఎండలకు ఆకు రాల్చేసిన నాటు గులాబీని పీకేయాలా?

పీకకండి. ముందు ఆ ఒక్క మాట చెప్పి మిగతాది తరువాత రాస్తాను. మీరు ప్రశ్న పెట్టి అప్పుడే నాలుగు రోజులైంది, ఈపాటికి పార చేతికి తీసుకుని ఉంటారేమోనని నా భయం.

అమ్మమ్మగారి ఊరి నుంచి తెచ్చి నాటిన కొమ్మ మూడేళ్లుగా పెరట్లో బాగా పూసిందని, ఏప్రిల్ సగం నుంచి ఆకులు పసుపెక్కి రాలుతున్నాయని, కొసలు ఎండుతున్నాయని రాశారు. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నారు. ఎవరో చెబితే యూరియా కూడా వేశారు. నాది అనంతపురం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట, సున్నపు నేలలో, బోరు నీళ్లతో పదకొండేళ్లుగా గులాబీలు పెంచుతున్నాను. పెంచుతున్నాను అనడం కంటే ఏటా మే నెల దాటిస్తున్నాను అనడమే సబబు.

ఇప్పుడే చెట్టు దగ్గరికి వెళ్లి, ఎండినట్టు కనిపిస్తున్న కొమ్మను పై నుంచి కిందికి నాలుగైదు చోట్ల గోటితో గీకి చూడండి. బెరడు కింద గోధుమ రంగు కనిపిస్తే అక్కడి వరకు పోయినట్టే. ఎక్కడో ఒకచోట పచ్చటి తడి తగులుతుంది. జానెడు ఎత్తులో తగిలినా, నేలకు ఆనుకుని తగిలినా ఆ చెట్టు బతికే ఉంది. ఎండలో ఆకు ఉంటే నీరు ఆవిరై పోతుంది కనుక దాన్ని వదిలించుకుంది, అంతే. నాటు గులాబీకి ఆ తెలివి ఉంది. మనకే ఓపిక ఉండదు.

మీ చెట్టుకు ఇంకో అదృష్టం కూడా ఉంది. అది కొమ్మ గుచ్చి పెంచినది, అంటు కట్టినది కాదు. ఈ తేడా నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. మొదటి సంవత్సరం ఒక నర్సరీ నుంచి ముదురు ఎరుపు హైబ్రిడ్ గులాబీ తెచ్చాను. పువ్వు అరచేతంత ఉండేది, వాసన మాత్రం సున్నా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఏడు రోళ్ల సంగతి ఏమో గానీ నా గులాబీ మాత్రం నిలువునా ఎండిపోయింది. బద్ధకం కొద్దీ పీకకుండా వదిలేశాను. వానలు పడ్డాక మొదట్లోంచి నాలుగు కొమ్మలు దూసుకొచ్చాయి. దసరా నాటికి పూసింది. చూస్తే ఎరుపు కాదు, గులాబీ రంగే. చిన్న గిన్నెలాంటి పువ్వు, లోపల రేకులు కిక్కిరిసి ఉన్నాయి, వాసన వీధి గుమ్మం దాకా వస్తోంది. చెట్టు మారిపోయిందనుకుని పక్కింటి అవ్వను పిలిచి చూపించాను. ఆవిడ ఒక పువ్వు తుంచి కొప్పులో పెట్టుకుని, "మారడమేమిటమ్మా, పైనున్నది చచ్చింది, కిందున్నది బతికింది. ఇది పన్నీరు గులాబీ" అంది.

అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. నర్సరీల్లో కొత్త రకాల కన్ను తీసి మొండి జాతి వేరుమొక్క మీద అంటు కడతారు. మన దేశంలో అలా వాడే వాటిలో ఎడ్వర్డ్ గులాబీ ఒకటి. దాన్నే దక్షిణాదిలో పన్నీరు గులాబీ, నాటు గులాబీ అంటాం. (పన్నీరు అంటే పెళ్లిళ్లలో చల్లే గులాబీ నీరు అని ఇప్పటి పిల్లలకు విడమరచి చెప్పాల్సి వస్తోంది, వాళ్లకు తెలిసింది పాలక్‌తో వండేదే.) హిందూ మహాసముద్రంలో నేడు రీయూనియన్ అని పిలిచే ద్వీపానికి అప్పటి పేరు బుర్బన్. అక్కడ చైనా గులాబీ, డమాస్క్ గులాబీ కలిసి పుట్టిన సంతతి ఇది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే తోటలకెక్కింది. 1867లో లా ఫ్రాన్స్ అనే హైబ్రిడ్ వచ్చింది, అంతకు ముందటి జాతులను పాత గులాబీలుగా లెక్కిస్తారు. ఆ లెక్కన మన పెరటి చెట్టు అచ్చమైన పాత కాలపుది. డమాస్క్ తల్లి నుంచి వాసన, చైనా తల్లి నుంచి ఏడాది పొడవునా పూసే గుణం వచ్చాయి. కోసిన సాయంత్రానికే రేకులు రాలిపోతాయి కనుక పూలగుత్తులు కట్టేవాళ్లు దీని జోలికి రారు. దండలకు, పూజకు, గుల్కందుకు మాత్రం దీని తరువాతే ఏదైనా.

కాబట్టి నా హైబ్రిడ్‌కు జరిగినట్టు మీ చెట్టుకు జరగదు. దానికి వేరూ కొమ్మా ఒకటే జాతి. పైన అంతా ఎండిపోయి నేల మట్టం నుంచి ఒక్క చిగురు లేచినా అది మీ అమ్మమ్మగారి గులాబీయే.

ఇక నీళ్లు. రెండు పూటలా చెంబెడు చెంబెడు పోయడం వల్ల పై రెండు అంగుళాలే తడుస్తాయి, మధ్యాహ్నానికి ఆరిపోతాయి. ఆ తడి కోసం పీచు వేర్లు పైకి వస్తాయి, వేడికి ఉడుకుతాయి. బంకమట్టి నేల అయితే ఇంకో చిక్కు. అడుగున ఎప్పుడూ బురదే, వేరుకు గాలి అందక కుళ్లుతుంది. చిత్రమేమిటంటే వేరు కుళ్లినా ఆకు వాడుతుంది, దాహం వేసినా వాడుతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పాదులో వేలు మొత్తం దించి చూడండి. చివర చల్లగా తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే తెల్లవారుజామున ఒకటిన్నర బకెట్టు నెమ్మదిగా, నేల తాగుతున్న కొద్దీ పోయండి. మా నేలకు మూడు రోజులకు ఒకసారి సరిపోతుంది, ఇసుక నేలకు రెండు రోజులకు కావాలి.

నేను అన్నింటికంటే నమ్మేది కుండను. మెరుగు పూయని మామూలు మట్టికుండ, అయిదు లీటర్లది, మొదలుకు అడుగు దూరంలో మెడ వరకు పాతిపెట్టి నీళ్లు నింపి, దోమలు గుడ్లు పెట్టకుండా మూకుడు మూస్తాను. నేల ఆరిన కొద్దీ కుండ చెమర్చి తడి ఇస్తుంది. నేల తడిగా ఉంటే ఊరుకుంటుంది. మొదటిసారి జూన్‌లో ఆ కుండను పైకి తీసినప్పుడు చూశాను, దాని చుట్టూ సన్నటి తెల్లటి వేర్లు జుట్టులా అల్లుకుని ఉన్నాయి, కుండ ఆకారం అచ్చు గుద్దినట్టు. చించడానికి చేతులు రాక మళ్లీ గోతిలోకే దించాను. మా ఉప్పు నీళ్లకు రెండేళ్లలో కుండ రంధ్రాలు పూడుకుపోతాయి, అప్పుడు కొత్తది పాతాలి. మీరు ఇప్పుడు పాతేటట్టయితే వేర్లు తెగకుండా పాదు అంచుకు జరిపి తవ్వండి.

పాదు మీద కప్పు తప్పనిసరి. మా ఊళ్లో వేరుశనగ పొట్టుకు కొదవ లేదు, నాలుగు అంగుళాల మందాన పరుస్తాను. మీకు ఎండుగడ్డి, కొబ్బరి పీచు, రాలిన ఆకులు, ఏది దొరికితే అది. మొదలుకు తగలకుండా బెత్తెడు ఖాళీ వదలండి, లేకపోతే చెదలు పొట్టుతో మొదలుపెట్టి బెరడుకు వస్తాయి. ఒక ఏడాది నాకు వచ్చాయి. పడమటి ఎండకు అడ్డంగా రెండు కొబ్బరి మట్టలు గుచ్చితే చాలు, ఉదయపు ఎండ మాత్రం తగలనివ్వండి.

ఏ నీళ్లు అన్నది కూడా చూడండి. ఆకు అంచులు మాడి, పాదులో తెల్లటి పొర కడుతుంటే అది ఉప్పు. తాగునీటి ఫిల్టరు వదిలేసే నీళ్లను మొక్కలకు పోసి పొదుపు చేశామనుకునేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. ఉన్న ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది, గులాబీకి అది విషం. దాంతో గచ్చు కడగండి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోయండి, వాటిలో ఉప్పు ఉండదు. బియ్యం కడుగు కూడా మంచిదే. ఆకు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుప ధాతువు అందడం లేదని అర్థం, సున్నపు నేలల్లో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి చల్లితే తేరుకుంటుంది. కానీ చల్లడానికి ఆకు ఉండాలి కదా. వానల తరువాత చూసుకుందురు.

మిగిలిన ఆకుల అడుగున దుమ్ములాంటి చుక్కలు, సన్నటి సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అది ఎర్రనల్లి అనే పురుగు. పొడి వేడిలో అది విపరీతంగా పెరుగుతుంది. మందుల దాకా వెళ్లకండి. ఉదయాన్నే ఆకు అడుగు భాగాన పైపు నీళ్లు గట్టిగా కొట్టండి, వారం పాటు రోజు విడిచి రోజు. ఈ ఎండల్లో గంధకం చల్లితే నల్లి కంటే ముందు ఆకు మాడుతుంది.

మొగ్గ వస్తే కందిగింజంత ఉండగానే గిల్లేయండి. మనసుకు కష్టమే, తెలుసు. మే నెల పువ్వు ఎలాగూ రూపాయి బిళ్లంతే ఉంటుంది, వాసన పది గంటలకల్లా ఎగిరిపోతుంది. ఆ శక్తి వేరుకు మిగలనివ్వండి. కత్తెర మాత్రం ఇప్పుడు పట్టవద్దు. కత్తిరిస్తే చిగురు వేయాలని చెట్టు తొందరపడుతుంది, లేత చిగురు ఈ ఎండకు నిలవదు. యూరియా చేసేదీ అదే. వేసింది ఎలాగూ వేశారు, ఒకసారి మూడు బకెట్ల మంచినీళ్లు పోసి అడుక్కు కడిగేయండి.

మృగశిర దాటి రెండు గట్టి వానలు పడ్డాక మొదలు దగ్గర వంగి చూడండి. ముదురు ఎరుపులో, వడ్ల గింజంత చిగురు కనిపిస్తుంది. అప్పుడు ఎండిన కొసలను పచ్చ తగిలే వరకు కత్తిరించి, రెండు దోసిళ్ల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేయండి. పెద్ద కత్తిరింపు అక్టోబరుకు ఉంచండి. అప్పుడు వచ్చే పెన్సిలంత లావు కొమ్మలను పారేయకుండా జానెడు ముక్కలు చేసి నీడలో గుచ్చండి, పదిలో ఆరేడు బతుకుతాయి. ఒకటి చెల్లెలికో పక్కింటికో ఇచ్చి ఉంచితే వచ్చే ఏడు మీది పోయినా అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. నా దగ్గర ఇప్పుడున్నది అలా అవ్వ ఇంటి నుంచి తిరిగి వచ్చినదే. మిగిలిన యూరియా ఎవరైనా వరి రైతుకు ఇచ్చేయండి.