సొంతంగా మార్చుకున్న సైనిక టోపీ బ్యాడ్జీకి విలువ ఉంటుందా?

తాతగారి పెట్టెలో దొరికిన ఇత్తడి టోపీ బ్యాడ్జీకి పైనున్న కిరీటాన్ని ఎవరో కోసేశారనీ, ఇలాంటివి సేకరణకు పనికొస్తాయో, చెడిపోయిన సామాను కింద లెక్కో తెలియడం లేదనీ మీరు అడిగారు. కడపలో ఉంటూ చాలాకాలంగా ఇటువంటివే సేకరిస్తున్నవాడిగా నా అభిప్రాయం చెబుతాను. బ్యాడ్జీ వాడుకలో ఉన్న రోజుల్లోనే ఆ మార్పు జరిగి ఉంటే, మార్పు లేనిదానికంటే అదే నాకు ముఖ్యం. నిన్నమొన్న జరిగి ఉంటే మాత్రం అది పాత ఇత్తడి ధరే చేస్తుంది.

1950 జనవరి 26న దేశం గణతంత్రం కావడంతో భారత సైన్యపు చిహ్నాల్లో కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. కాబట్టి పాత బ్యాడ్జీ మీది కిరీటాన్ని దాన్ని పెట్టుకున్న సిపాయే కోయించుకున్నాడని అనుకోవడం సహజం. అయితే అలా ఊహించినంత మాత్రాన సరిపోదు, వస్తువే సాక్ష్యం చెప్పాలి. భూతద్దం పెట్టి కోసిన అంచును చూడండి. ఏళ్ల తరబడి ఇత్తడికి మెరుగుపెట్టే బ్రాసోతో రుద్దిన బ్యాడ్జీలో ఎత్తుగా ఉన్న భాగాలు, ఏనుగు తొండమో, అక్షరాల అంచులో, అరిగి నునుపెక్కుతాయి. కోసిన అంచు కూడా అంతే నునుపుగా ఉండి, ఆకురాయి గీతల్లో కిలుం పట్టి నల్లబడి ఉంటే, కోసిన తరువాత కూడా దాన్ని ధరించారని నమ్మవచ్చు. ముఖమంతా అరిగిపోయి, అంచు మాత్రం వేలికి గరుకుగా తగిలితే నేనైతే కొనను.

వెనుక వైపు ఇంకా ఎక్కువ చెబుతుంది. టోపీ చీలికలోకి దూర్చే నిలువు రేకును కొందరు తీసివేసి, దాని స్థానంలో చిన్న చెవులు, అంటే రింగుల్లాంటి లోహపు ముక్కలు, అతికించుకునేవారు. మరికొన్నింటికి ఆ చెవులను కూడా కత్తిరించి, ఇంటి ఆడవాళ్లు పెట్టుకునేలా పిన్ను అతికించేవారు. అలాంటివాటిలో పిన్ను పక్కనే పాత చెవుల మొదళ్లు కనబడతాయి. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన ఒక కంసాలి ఈ అతుకులు చూడడం నేర్పాడు. తగరపు టంకం కనబడగానే కొత్తదని తేల్చకూడదనీ, ఆ కాలంలోనూ దాన్ని వాడేవారనీ, అతుకు కంటే దాని చుట్టూ ఉన్న లోహాన్ని చూడాలనీ ఆయన చెప్పేవాడు. మిగతా వెనుకభాగమంతా నల్లగా ఉండి, అతుకు చుట్టూ మాత్రం ఇత్తడి ఎర్రబారి శుభ్రంగా కనిపిస్తే, ఈ మధ్యనే దానికి సెగ తగిలిందన్నమాట.

కొత్తగా మొదలుపెట్టినవారు ఎక్కువగా మోసపోయేది మరోచోట. మొదటి ప్రపంచయుద్ధంలో నికెల్ ఆదా చేయడానికి, అంతకుముందు ఇత్తడి, నికెల్ కలిసిన తెల్ల లోహం రెండింటితో చేసిన బ్రిటిష్ రెజిమెంట్ల బ్యాడ్జీలను 1916లో పూర్తిగా ఇత్తడితోనే చేశారు. రెండో యుద్ధంలో ప్లాస్టిక్ బ్యాడ్జీలూ వచ్చాయి. ఇవన్నీ ప్రభుత్వమే చేయించినవి, సొంత మార్పులు కావు. అయినా తెల్ల లోహాన్ని ఎవరో ఊడదీసిన అరుదైన బ్యాడ్జీ అంటూ వాటికి రెట్టింపు ధర చెప్పేవారు ఉంటారు.

మీ బ్యాడ్జీని చింతపండుతో గానీ బ్రాసోతో గానీ తోమకండి. పైన చెప్పిన ఆధారాలన్నీ ఆ కిలుంలోనే ఉంటాయి, ఒక్క పూటలో పోతాయి. తాతగారు ఏ రెజిమెంటులో, ఏ ఏళ్లలో పనిచేశారో డిశ్చార్జి పుస్తకం దొరికితే దానితో పోల్చి, ఒక కాగితం మీద రాసి బ్యాడ్జీతో పాటే ఉంచండి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని మనంతట మనం విదేశాలకు పంపకూడదు. కనుక మొదటి యుద్ధకాలపు బ్యాడ్జీని బయటి దేశం వాళ్లు ఎంత ధరకు అడిగినా, ముందు పురావస్తు శాఖవారిని సంప్రదించండి.