కింది గదిలో హోమ్ థియేటర్ కడతానంటున్నారు మా ఆయన

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు 40 ఏళ్లు. మా ఆయన 15 ఏళ్లు గల్ఫ్‌లో క్రేన్ ఆపరేటర్‌గా చేసి, పోయిన దసరాకి పూర్తిగా వచ్చేశారు. మా ఇంటి కింది గది ఒకప్పుడు రోడ్డుకి సమానంగా ఉండేది. మూడుసార్లు రోడ్డు ఎత్తు పెంచాక సగం కిందికి పోయింది. ఇప్పుడు అందరం సెల్లార్ అనే అంటున్నాం. గులాబ్ తుపానుకి అందులో పిక్క లోతు నీళ్లొచ్చాయి. ఆ గదిని హోమ్ థియేటర్, గేమింగ్ రూమ్ చేస్తానని ఆయన పట్టుబట్టారు. ప్రొజెక్టర్, స్పీకర్లు, ప్లేస్టేషన్, ఫాల్స్ సీలింగ్, సోఫాలు అన్నీ కలిపి 7 లక్షలట. మాకున్నదే 11 లక్షలు. పాప ఇంటర్ సెకండియర్, వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌లో చేర్చాలి. బాబు తొమ్మిదో తరగతి, ఇప్పటికే ఫోన్‌లో గేమ్స్ వదలడు. నన్ను ఒక్క మాట అడక్కుండా వడ్రంగికి అడ్వాన్స్ ఇచ్చేశారు. అత్తయ్య గారు పోయి రెండేళ్లు. ఆవకాయ జాడీలు, రుబ్బురోలుతో సహా ఆవిడ సామానంతా ఆ గదిలోనే ఉంది. మావయ్య గారు ‘ఆడికి ఇష్టమైతే చేసుకోనీమ్మా, నాకేటి’ అంటారు గానీ, రోజూ సాయంత్రం టార్చి పట్టుకుని కిందికి వెళ్లొస్తారు. మా ఆయనకీ నాకూ పది రోజులుగా మాటల్లేవు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డబ్బు గురించి, బాబు గురించి వివరంగా రాశారు. మావయ్య గారి గురించి ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం ఆ టార్చి దగ్గరే మనసు ఆగిపోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ ఆయన సంగతి. 15 ఏళ్లు క్యాంపు గదిలో, మంచం మీద మంచం వేసిన చోట, పక్కవాడి నిద్ర చెడకుండా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సినిమాలు చూసి ఉంటారు. ఇంటికొచ్చాక చూస్తే వంటిల్లు మీది, హాల్లో టీవీ మావయ్య గారిది, లోపలి గది పిల్లల చదువులది. పాలవాడి దగ్గరా, గ్యాస్ వాడి దగ్గరా, స్కూల్లోనూ మీ నంబరే ఉంటుంది. తను డబ్బు పంపి నిలబెట్టిన ఇంట్లో తనకంటూ ఒక మూల లేదు. బయటి దేశాల నుంచి తిరిగొచ్చిన వాళ్ల ఇళ్లలో నేను తరచుగా చూసే విషయమిది. మొదటి ఏడాదంతా మనిషి చుట్టంలా ఉంటాడు, ఏదో ఒకటి కట్టాలని తాపత్రయపడతాడు. ఒకరు మేడ మీద గది అంటారు, ఒకరు షాపు అంటారు. మీ ఆయన సినిమా గది అంటున్నారు. అది పిచ్చి కోరిక అని నేననను. అందులో పిల్లల పక్కన కూర్చోవాలన్న ఆశ కూడా ఉంది. ఆ పిల్లలు ఆయన లేనప్పుడే పెద్దవాళ్లయిపోయారు మరి.

మీ కోపంలోనూ న్యాయముంది. 2018 అక్టోబరులో తిత్లీ, 2021 సెప్టెంబరులో గులాబ్, రెండు తుపాన్లకీ ఆ ఇంట్లో ఉన్నది మీరు. అత్తయ్య గారి చివరి రోజుల్లో పక్కన ఉన్నదీ మీరే. ఇన్నేళ్లు ఇల్లు నడిపిన మనిషిని అడగకుండా అడ్వాన్స్ ఇవ్వడం తప్పు, ఆ మాట ఆయనకి సూటిగానే చెప్పాలి. అయితే ‘7 లక్షలు తగలేస్తారా’ అని మొదలుపెడితే ఆయన ‘నా కష్టార్జితం’ అంటారు, అక్కడితో మాట తెగిపోతుంది. పిల్లలు పడుకున్నాక, ఆయన చేతిలో ఫోన్ లేనప్పుడు, ‘డబ్బు కంటే నన్ను అడక్కపోవడం ఎక్కువ బాధేసింది. ఆ గది మీకు ఎందుకు కావాలో నాకు చెప్పండి, వింటాను’ అనండి. అని, నిజంగానే వినండి. మధ్యలో లెక్కలు తీయొద్దు.

లెక్క మర్నాడు మాట్లాడండి. పాప మొదటి ఏడాది ఫీజు, హాస్టల్ ఖర్చు ఎంతో వేసి, ఆ మొత్తం ఈ వారమే ఆమె పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసేయండి. ఆయన ఉద్యోగం గానీ, వ్యాపారం గానీ మొదలుపెట్టేదాకా ఇల్లు నడవడానికి ఆరు నెలల ఖర్చు వేరే పెట్టండి. మిగిలిందే ఆ గది బడ్జెట్. అది 7 లక్షలు మాత్రం ఉండదు.

ఇక ఆ గదిలో నీళ్ల సంగతి. మీ ఆయన ఆ పిక్క లోతు నీళ్లు కళ్లతో చూడలేదు కదమ్మా, మీరు ఫోన్‌లో చెబితే విన్నారంతే. అందుకే ఫాల్స్ సీలింగ్ దగ్గర మొదలుపెడుతున్నారు. మొదలుపెట్టాల్సింది నేల దగ్గర, గోడ దగ్గర. మీటరు పొడవు, మీటరు వెడల్పు ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి, నాలుగు అంచులకీ టేపు వేయమనండి. రోడ్డు వైపు గోడకి ఇంకొకటి. రెండు రోజులాగి ఇద్దరూ కలిసి చూడండి. షీటు లోపలి వైపు చెమ్మ పడితే నీరు నేలలోంచో, గోడలోంచో ఊరుతోందని అర్థం. పై వైపు పడితే గదిలో గాలే తేమగా ఉంది, గాలి ఆడే దారి చేయాలి. ఈ అక్టోబరు, నవంబరు గడిచేదాకా చెక్క పని ముట్టుకోవద్దు. మన తీరానికి అవి తుపాన్ల నెలలని మీకు నేను చెప్పక్కర్లేదు. చెక్క నార, పొట్టు అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ఒక్కసారి నీళ్లు తాగితే ఉబ్బిపోతాయి, ఎండినా మామూలు కావు. కార్పెట్ అసలే వద్దు, టైల్స్ చాలు. వాటర్‌ప్రూఫింగ్ వీలైతే గోడకి బయటి వైపు చేయించాలి, లోపల పూసిన పూత నీటి ఒత్తిడికి ఊడి వచ్చేస్తుంది. పల్లపు మూలలో చిన్న గుంట తీసి, నీరు చేరగానే తనంతట తానే ఆన్ అయ్యే పంపు పెట్టించుకోండి. తుపానంటే కరెంటు పోతుంది కాబట్టి ఆ పంపుకి ఇన్వర్టర్ లైను ఉండాలి. ఇన్వర్టర్ బ్యాటరీ మాత్రం పైనే ఉంచండి, ఛార్జింగ్‌లో దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది, మూసిన గదిలో ప్రమాదం. గులాబ్ నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద సుద్దతో గీత గీసి, స్విచ్‌బోర్డులన్నీ దానికి బాగా ఎత్తులో పెట్టమనండి. కరెంటు లీకైతే షాక్ ప్రాణం మీదికి రాకముందే కట్ చేసే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కిటికీ గ్రిల్లు ఒకటైనా లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి. మెట్ల దారి మూసుకుపోతే పిల్లలు బయటికి రావాలి కదా.

ఇవన్నీ అయ్యేసరికి బడ్జెట్‌లో చాలా భాగం ఖర్చయిపోతుంది. అదేం నష్టం కాదు. ప్రొజెక్టర్ ఇంకో ఏడాది తర్వాత రావచ్చు. మొదట్లో 55 అంగుళాల టీవీ, ఏడడుగుల దూరంలో నాలుగు కుర్చీలు చాలు, సినిమా నిండుగానే కనిపిస్తుంది. స్పీకర్ల సంగతి మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. గోడలకి అంటించే ఫోమ్ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుంది గానీ, శబ్దాన్ని బయటికి పోకుండా ఆపదు. బేస్ శబ్దం ఇచ్చే స్పీకర్, అదే సబ్‌వూఫర్, దాని దడ శ్లాబులోంచి నేరుగా పై గదికి వెళుతుంది. ఆ పైన మావయ్య గారి మంచం ఉంటే రాత్రి తొమ్మిది తర్వాత దాన్ని ఆపేయాల్సిందే. మూలలో పెడితే దడ ఇంకా పెరుగుతుంది.

బాబు గురించి మీ భయం నాకు అర్థమైంది. కానీ దుప్పటి కింద ఫోన్‌లో ఒంటరిగా ఆడే ఆట కంటే, నాన్న పక్కన కూర్చుని పెద్ద తెర మీద ఆడే ఆట నయమని నా అభిప్రాయం. షరతులు పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి. గదికి లోపల గడియ ఉండకూడదు. ఆట టైము ముందే తేలాలి, అది తేల్చేది నాన్నే కావాలి, కాపలా పని మీ నెత్తిన పడకూడదు. రాత్రి ఫోన్ హాల్లోనే ఉండాలి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించిందని వాడికి తెలియాలి. వాడి నిద్ర, తిండి, సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో క్రికెట్ మామూలుగా సాగుతుంటే టెన్షన్ పడకండి. ఆట ఆపలేక, మిగతావన్నీ వదిలేసి, నష్టమవుతోందని తెలిసినా నెలల తరబడి అలాగే కొనసాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగానే గుర్తించింది. అలా అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు ఆ టార్చి. రెండేళ్లుగా ఒక పెద్దాయన రోజూ చీకటి పడే వేళకి ఆ మెట్లు దిగుతున్నారు. కింద ఆవకాయ జాడీలున్నాయి, రుబ్బురోలు ఉంది, ఒక ట్రంకు పెట్టె ఉండే ఉంటుంది, అందులో పొందూరు ఖద్దరు చీరో, పెళ్లినాటి పట్టుచీరో. ఆయన ఒక జాడీ మూత తీసి చూసి మళ్లీ పెట్టి వస్తారు, అంతే. ‘నాకేటి’ అన్న మాటని ఒప్పుకోలుగా తీసుకోవద్దమ్మా. మా అమ్మ చనిపోయిన ఏడాదే ఆవిడ జాడీలన్నీ నేను ఇచ్చేశాను, ఇల్లు ఇరుకవుతోందని. మా నాన్న ఏమీ అనలేదు. ఆ వేసవిలో ఆవకాయ కలిపే రోజు, కారం చేత్తో పట్టుకుని ‘అమ్మ జాడీ ఏదమ్మా’ అన్నారు. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మీ ఇంట్లో ఇంకా ఆలస్యం కాలేదు. వడ్రంగిని ఆ తుపాన్ల నెలలు గడిచేదాకా ఆగమనండి. ఈ ఆదివారం మీ ఆయన్ని తీసుకుని మావయ్య గారితో పాటు మీరూ కిందికి దిగండి. ఆయన్ని అడగాల్సింది ఒకటే: ‘మావయ్య గారూ, గులాబ్ అప్పుడు నీళ్లు ముందు ఏ మూల నుంచి వచ్చాయి?’ ఆ గదిలో నీటి దారి ఆయనకి తెలిసినట్టు ఏ ఇంజినీరుకీ తెలియదు. ఆయన చూపిస్తారు. ఏ గోడ ముందు చెమ్మ పట్టిందో, జాడీలు ఎలా పైకి మోశారో చెబుతారు. కొడుకు ఆ మాటలు తండ్రి నోట వినాలి. ఆ తర్వాత జాడీలు ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడగండి. టీవీ పక్క గోడలో గూడు కావాలంటారో, వంటింట్లో మీ చేతి దగ్గర ఉండాలంటారో, ఆయన చెప్పాకే వడ్రంగికి కబురు పెట్టండి.