టెక్ సందేహాలు: నవ్వును రొద అనుకునే యంత్రాలు

ముసురు పట్టగానే అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతాయి కాబోలు, ఈ విడత ప్రశ్నలన్నీ పాత నవ్వుల క్యాసెట్ల చుట్టూనే. మిమిక్రీ, బుర్రకథ, హరికథలో పిట్టకథలు, పెళ్లి పందిట్లో టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన జోకులు. క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎలా ఎక్కించాలో మళ్లీ మొదటినుంచి చెప్పను. ఎక్కించేటప్పుడు ఏం చెడుతోందో చెబుతాను.

మా నాన్నగారికి 74 ఏళ్లు. నేరెళ్ల వేణుమాధవ్ గారి ప్రోగ్రాం అప్పట్లో టేపు పట్టింది, ఊళ్లో బుర్రకథ క్యాసెట్లు ఉంటే యూఎస్‌బీ కన్వర్టర్ కొని ఎంపీ3లు చేసిచ్చాను. విని, "ఇదివరకులా నవ్వు రావట్లేదేంట్రా" అంటున్నారండి. వయసు వల్లేమో? (అమలాపురం)

వయసు పాపమేం లేదు. మీ నాన్నగారి చెవి భేషుగ్గా ఉంది, పాడైంది మీ ఎంపీ3. ఇదే ఫిర్యాదు రకరకాల మాటల్లో వస్తూనే ఉంది, కారణం మాత్రం ప్రతిసారీ ఒకటే. అరచేతిలో పట్టే ఆ చవక కన్వర్టర్లలో చాలావాటికి రెండు "తెలివితేటలు" పెడుతున్నారు. ఒకటి, నిశ్శబ్దం రాగానే పాట అయిపోయిందనుకుని ఫైలు తెంచేయడం. రెండోది, గొంతు తగ్గితే పెంచి, పెరిగితే తగ్గించే ఆటో లెవెల్. పాటలకు ఈ రెండూ ఎలాగోలా సరిపోతాయేమో గానీ, హాస్యానికి మాత్రం గొడ్డలిపెట్టు.

బుర్రకథలో కథకుడికి ఒక పక్క రాజకీయం, ఇంకో పక్క హాస్యం ఉంటారు కదా. కథకుడు గంభీరంగా ఒక మాట అని ఆగుతాడు. హాస్యం పక్కనున్న ఆయన వెంటనే అందుకోడు, ఒక్క క్షణం జనాన్ని చూసి అప్పుడు చురక వేస్తాడు. ఆ క్షణంలో యంత్రం ఏం చేస్తుందంటే, శబ్దం లేదు కదా అని లెవెల్ పైకి లాగుతుంది. టేపు బుస్సుమనే చప్పుడు ఉబ్బుతుంది. అంతలో చురక పెద్ద గొంతుతో మీద పడుతుంది. జనం ఘొల్లుమనగానే యంత్రం బెదిరి లెవెల్ దించేస్తుంది, దాంతో తర్వాతి మాట గొణుగుడైపోతుంది. ఇక ఫైలు అక్కడే తెగితే, ముడి ఒక ఫైల్లో, విప్పు ఇంకో ఫైల్లో.

పోయిన విరామం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు. క్యాసెట్ నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే. పనిచేసే పాత డెక్కు గానీ వాక్‌మన్ గానీ సంపాదించండి. డెక్కుకైతే లైన్ అవుట్ నుంచి, వాక్‌మన్‌కైతే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి, "లైన్ ఇన్" అని విడిగా రాసి ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డులోకి 3.5 ఎంఎం వైరు. ల్యాప్‌టాప్ మైక్ సాకెట్లో గుచ్చకండి. అది మైక్ ఇచ్చే సన్నటి సిగ్నల్ కోసం పెట్టింది కాబట్టి చాలా రెట్లు పెంచేస్తుంది, శబ్దం పగులుతుంది. విండోస్‌లో ఆ ఇన్‌పుట్‌కు "ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్" ఆపేయండి. ఆడాసిటీలో (శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) లెవెల్‌ను మాటను బట్టి కాదు, నవ్వును బట్టి పెట్టుకోండి. క్యాసెట్‌లో అన్నిటికన్నా గట్టిగా ఉండేది జనం నవ్వే. అది మైనస్ 6 డెసిబెల్స్ దాటకపోతే మాట దానంతటదే సర్దుకుంటుంది. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 5 ఎంబీ, అంటే సీ-60 (గంట నిడివి) క్యాసెట్ మొత్తానికి సుమారు 300 ఎంబీ. దాన్ని భద్రంగా దాచి, నాన్నగారి ఫోన్‌కు ఎంపీ3 కాపీ ఇవ్వండి.

టేపు బుస తగ్గించాలనుకుంటే, ఆడాసిటీలోని "నాయిస్ రిడక్షన్"కు ప్రోగ్రాం మొదలవక ముందు రెండు సెకన్ల ఖాళీ టేపు చప్పుణ్ణి నమూనాగా చూపించి 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గించండి. ఎక్కువ తోమితే చప్పట్లు నీళ్లలో బుడగల్లా వినిపిస్తాయి. ఇంకొక్క మాట. ఆయన వింటున్న ప్లేయర్ యాప్‌లో "స్కిప్ సైలెన్స్" (నిశ్శబ్దాన్ని దాటేసే మీట) వేసి ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి.

క్యాసెట్ ప్లేయర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేశాను. మాట స్పష్టంగానే ఉంది గానీ జనం నవ్వులు అసలు లేవు. (తణుకు)

ఉండవు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఒక్క మనిషి గొంతును ఉంచి మిగతాదంతా రొద అని తీసేయడం నేర్పారు. నవ్వు, చప్పట్లు, హార్మోనియం, గుమ్మెట అన్నీ దాని లెక్కలో ట్రాఫిక్ హారన్లతో సమానం. దాన్ని ఆపే మీట రికార్డర్ సెట్టింగ్స్‌లో ఉంటే ఉంటుంది, కొన్ని ఫోన్లలో అదీ ఉండదు. అక్కర్లేని తెలివిని అడక్కుండా అంటగట్టి, ఆపే దారి మాత్రం దాచేస్తారు. హెడ్‌ఫోన్ రంధ్రం తీసేసినప్పుడూ అంతే, మనల్ని అడిగిందెవరు? పై జవాబులో చెప్పినట్టు వైరుతో ఎక్కించుకోండి.

మాది లంక ఊరండి. వరదప్పుడు చెమ్మ పట్టిన గదిలో ఉండిపోయి క్యాసెట్లకు తెల్లగా బూజు వచ్చింది. ప్లే చేసి చూడమంటారా? (రాజోలు)

చూడొద్దు. బూజు పట్టిన ఒక్క క్యాసెట్ వేస్తే ప్లేయర్లో టేపును చదివే హెడ్‌కు మడ్డి పడుతుంది, ఆ బూజు తర్వాత వేసిన మంచి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. ఎండలో పెడితే టేపు వంకర పోతుంది. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు ఫోన్లతో వచ్చింది. అందులో మిగిలేది తవుడు పొడే, అది క్యాసెట్‌లోకి దూరుతుంది. మూత బిగువుగా పట్టే డబ్బాలో వంద గ్రాముల సిలికా జెల్ వేసి రెండు వారాలు ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చండి.

తర్వాత మూతికి గుడ్డ కట్టుకుని, ఆరుబయట క్యాసెట్ విప్పండి. సాధారణంగా ఐదు చిన్న స్క్రూలుంటాయి. అతికించేసిన రకమైతే అంచు వెంట బ్లేడుతో నెమ్మదిగా తెరవాలి. రీళ్ల అంచున ఉన్న బూజును పొడి మెత్తని బ్రష్‌తో తుడిచి, స్క్రూలున్న ఖాళీ క్యాసెట్ పెంకులోకి రీళ్లను మార్చండి. పెంకు మధ్యలో హెడ్‌కు ఎదురుగా చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. పాత వాటిలో జిగురు ఎండి అది ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్‌ను గట్టిగా తాకదు, గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. పెంకు మారిస్తే ఆ బెడదా పోతుంది. ప్లే చేసే ముందు ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పి వదులు చేయండి. సీ-90 టేపు మందం సుమారు 12 మైక్రాన్లే, పూతరేకు కూడా దాని ముందు చపాతీ. లాగితే సాగిపోతుంది. ప్రతి క్యాసెట్ తర్వాతా హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. రబ్బరు చక్రానికి మాత్రం సబ్బు నీళ్ల తడి చాలు, స్పిరిట్ తగిలితే గట్టిపడుతుంది.

వాట్సాప్ గ్రూపులో "పాత కామెడీ క్యాసెట్లు 500" అని ఎనిమిది ఎంబీల ఫైలు వచ్చింది. మా బావగారే పంపారు. నొక్కితే ఇన్‌స్టాల్ చేయాలా అంటోంది. చేయొచ్చా? (పాలకొల్లు)

బావగారు పంపలేదు, బావగారి ఫోన్ పంపింది. ముందు ఆయనకు మామూలు కాల్ చేసి చెప్పండి.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇదే. దొంగలు ఎర మార్చారు. పెళ్లి శుభలేఖ, బ్యాంకు కేవైసీ, ట్రాఫిక్ చలానా అయిపోయి ఇప్పుడు జ్ఞాపకాల మీద పడ్డారు. అరవై దాటినవాళ్లకు చలానా అంటే అనుమానం వస్తుంది గానీ చిన్నప్పటి జోకులంటే ఏం అనుమానం? ఫైలు పేరు చివర చూడండి. ఏపీకే అని ఉంటే అది యాప్, ఆడియో కాదు. ఆడియో అయితే ఎంపీ3 అనో, వేవ్ అనో, ఎం4ఏ అనో ఉంటుంది. లెక్క వేసినా దొరికిపోతుంది. మామూలు ఎంపీ3 గంటకు 57 ఎంబీ దాకా ఉంటుంది. ఒక్కోటి గంట చొప్పున 500 క్యాసెట్లు ఎనిమిది ఎంబీల ఫైల్లో ఎలా పడతాయి?

అది లోపలికి వెళ్లాక మొదట ఎస్ఎంఎస్ అనుమతి అడుగుతుంది, తర్వాత యాక్సెసిబిలిటీ. మొదటిదాంతో మీ ఓటీపీలు చదువుతుంది. రెండోదాంతో తెర మీద మీరు కొట్టేది చూస్తుంది, మీ బదులు తనే బటన్లు నొక్కుతుంది. జోకులు వినిపించే యాప్‌కు ఓటీపీలతో పనేంటి? ఈ ప్రశ్న వేసుకోకుండా "అలౌ, అలౌ, అలౌ" అని వరసగా నొక్కుకుంటూ పోయేవాళ్ల మీద కోపం వస్తుంది, నిజమే. కానీ ప్రతి చిల్లర యాప్‌కీ పది అనుమతులు అడిగే అలవాటు నేర్పిందెవరు?

పొరపాటున ఎక్కించేసినవాళ్లు వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి అప్పుడే ఫోన్ చేయండి, తెల్లారాక చూద్దామనుకోవద్దు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్స్ రెండు చోట్లా దాని పేరు ఆపి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అవి ఆపకపోతే తీసేసే బటనే పనిచేయకపోవచ్చు. మొండికేస్తే సేఫ్ మోడ్‌లో తీయాలి. అప్పటికీ అనుమానం ఉంటే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్. కాల్ ఫార్వర్డింగ్ వేరే నంబరుకు పెట్టి ఉందేమో కూడా చూడండి. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు శుభ్రమైన ఫోన్ నుంచే మార్చాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" అనుమతి వాట్సాప్‌కు ఉంటే ఈ రోజే తీసేయండి, అరనిమిషం పని.

మా పెదనాన్నగారు అమెరికా నుంచి వచ్చేస్తూ రికార్డ్ ప్లేయర్, అక్కడి హాస్యగాడు బాబ్ న్యూహార్ట్ 1960 నాటి మొదటి కామెడీ ఎల్పీ తెచ్చారు. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా గొంతు తాగినవాడిలా సాగుతోంది. (భీమవరం)

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులనే మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని కాదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే మోటారైతే 33⅓ చుట్లు తిరగాల్సింది 27.8 దగ్గర ఆగుతుంది. రికార్డు మీద చిన్న కాగితం ముక్క గుర్తుగా పెట్టి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. నూరు చుట్లు రావాలి. 83 వస్తే జబ్బు ఇదే. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది. దొరక్కపోతే అలాగే రికార్డు చేసి, ఆడాసిటీలో స్పీడ్ 20 శాతం పెంచండి. టెంపో కాదు, స్పీడ్. టెంపో పెంచితే వేగం వస్తుంది గానీ గొంతు బొంగురుగానే ఉండిపోతుంది.

మంచి రికార్డే తెచ్చారు. పాటల ఆల్బమ్‌లన్నిటినీ దాటుకుని 1961లో ఆ ఏటి ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది. న్యూహార్ట్ ఒంటరిగా ఫోన్‌లో మాట్లాడుతుంటాడు, అవతలి మనిషి మాట మనకు ఒక్కటీ వినపడదు. ఇతను ఆగిన చోటల్లా వాడేమన్నాడో మనమే ఊహించుకుని నవ్వుతాం. సాఫ్ట్‌వేర్ మెనూలో "ట్రంకేట్ సైలెన్స్" అని, నిశ్శబ్దాన్ని కత్తిరించేది ఒకటి కనిపిస్తుంది. ఈ రికార్డు మీద దాన్ని నొక్కారంటే అవతలివాడు ఫోన్ పెట్టేసినట్టే.